మూడో కిస్తీ తప్పకముందే, తెలుగులో చెప్పండి

హనుమకొండ, వరంగల్ జిల్లాల కలెక్టర్ గార్లకు, లీడ్ బ్యాంకు మేనేజర్లకు, జిల్లా సంప్రదింపుల కమిటీలో కూర్చునే బ్యాంకర్లందరికీ,

నమస్కారం.

మూడు నెలలకోసారి మీరంతా కలెక్టరేట్‌లో కూర్చుంటారు. ఆ మీటింగు ఎజెండాను కొన్నేళ్లు నేనే టైపు చేశాను. జిల్లాలోని బ్యాంకులన్నిటినీ సమన్వయం చేసే లీడ్ బ్యాంకు ఆఫీసులో క్లర్కుగా చేసి రిటైరైనవాణ్ణి. పంట రుణాలు ఎంత ఇచ్చారు, మహిళా సంఘాల బాకీలు ఎంత వసూలయ్యాయి, ముద్ర లోన్లు టార్గెట్‌కు ఎంత దూరంలో ఉన్నాయి, ఏ మండలంలో బ్రాంచి లేదు, ఇవన్నీ వరుసగా ఉండేవి. ఇంటి లోను కట్టలేక నోటీసు అందుకున్న కుటుంబాల సంగతి మాత్రం ఆ కాగితం మీద నేను ఒక్కసారి కూడా టైపు చేయలేదు. అది లోటని అప్పట్లో నాకూ తోచలేదు. మా చెల్లె ఇల్లు వేలంలో పోయాక తోచింది.

వాళ్లది కాజీపేట పక్కన సోమిడిలో నూట ఇరవై గజాల జాగా, అందులో రెండు గదుల ఇల్లు. 2022 మొదట్లో ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ దగ్గర 25 లక్షలు తీసుకున్నారు. ఇరవై ఏళ్ల గడువు, 7 శాతం మిత్తి, నెలకు 19,382 రూపాయల కిస్తీ. బావకు నయీంనగర్‌లో ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపు ఉండేది. కిస్తీ తప్పడమన్నది వాళ్ల ఇంట్లో మొదటి ఏడాదిన్నర ఎరగరు.

ఈలోపు రెండు జరిగాయి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల రిజర్వు బ్యాంకు రెపో రేటును, అంటే తాను బ్యాంకులకు అప్పిచ్చే రేటును, 4 శాతం నుంచి 6.5 శాతానికి పెంచింది. కంపెనీ కూడా తన మిత్తి పెంచుకుంటూ పోయి 9.5 దగ్గర ఆగింది. కిస్తీ మాత్రం 19,382 రూపాయలే అలాగే ఉంచింది. కిస్తీ మారలేదు కాబట్టి ఏమీ మారలేదనుకున్నారు మావాళ్లు. కాగితం, పెన్ను తీసుకుని లెక్క వేయండి. 25 లక్షల మీద 9.5 శాతమంటే ఒక్క నెల మిత్తే 19,792 రూపాయలు. అసలు అప్పటికి కాస్త తగ్గి ఉన్నా, వాళ్లు కట్టేదంతా మిత్తికే సరిపోయింది. ఇరవై ఏళ్లలో తీరాల్సిన అప్పు ఎప్పటికీ తీరని అప్పయింది. ఆ మాట వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

రెండోది, 2023 జూలై వానలు. ఆ వానలకు నయీంనగర్ ఎట్లా మునిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. షాపులో నడుము లోతు నీళ్లు. ప్రింటింగ్ మెషిన్ మోటార్లు, బోర్డులు అన్నీ పోయాయి. మెషిన్ బాగుచేయించడానికి బావ గిరిగిరి ఫైనాన్స్ దగ్గర అప్పు తెచ్చాడు. రోజూ సాయంత్రం వాళ్ల పిల్లగాడు బండి మీద వచ్చి వసూలు చేసుకుపోయేవాడు. రోజు కట్టే దానికే గల్లా ఖాళీ అయ్యేది. ఆ ఏడాది అక్టోబరులో ఇంటి కిస్తీ మొదటిసారి తప్పింది.

ఇక్కడి నుంచి జరిగిందే మీతో చెప్పుకోవాలని ఈ ఉత్తరం.

కిస్తీ తప్పిన మరునాటి నుంచి ఖాతా మీ లెక్కల్లో ఒక్కో మెట్టు దిగుతుంది. ముప్పై రోజుల దాకా ఒక పేరు, అరవై దాకా ఇంకో పేరు, తొంభై దాటితే ఎన్‌పీఏ, అంటే మొండిబాకీ. ఇవి మీకు కంఠతా వచ్చు. తొంభై రోజులు దాటాక ఏం మారుతుందో కిస్తీ కట్టేవాళ్లలో ఎంతమందికి తెలుసు? మా చెల్లెకు తెలియదు. ఆమె ఖాతా 2024 జనవరిలో ఎన్‌పీఏ అయింది. ఫిబ్రవరిలో గాజులు కుదువపెట్టి ఒక కిస్తీ కట్టింది. ఏప్రిల్‌లో చెవులవి అమ్మి ఇంకోటి కట్టింది. కడుతూనే ఉన్నాం కదా, ఇక ఇంటికి భయం లేదనుకుంది. రిజర్వు బ్యాంకు 2021 నవంబరులోనే స్పష్టం చేసింది: ఒకసారి ఎన్‌పీఏ అయిన ఖాతా మళ్లీ మామూలు ఖాతా కావాలంటే తప్పిన కిస్తీలన్నీ, అసలూ మిత్తీ మొత్తం కట్టాల్సిందే. ఒక కిస్తీ, రెండు కిస్తీలు కడితే కాదు. వసూలుకు వచ్చిన మనిషికి ఇది తెలుసు. డబ్బులు లెక్కపెట్టుకుని, రసీదు రాసిచ్చి, "వచ్చే నెల కూడా గిట్లనే కట్టుండ్రి అక్కా" అని వెళ్లిపోయాడట. గాజులు పోయాయి, చెవులవి పోయాయి, ఖాతా ఉన్నచోటే ఉంది.

ఆ తర్వాత, కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే వీలిచ్చే సర్ఫేసీ చట్టం కింద 13(2) నోటీసు వచ్చింది. అరవై రోజుల్లో మొత్తం బాకీ కట్టాలి, లేకపోతే ఇల్లు స్వాధీనం చేసుకుంటామని. ఐదు పేజీలు, అంతా ఇంగ్లీషు. మా చెల్లె పదో తరగతి దాకా చదివింది. బావ కూడా అంతే. నేను తర్వాత అడిగితే ఆమె అన్నది ఇదీ:

"ఇంగ్లీషుల ఉందన్నా. పోస్టుమాన్ సంతకం పెట్టుమంటే పెట్టిన. మొత్తం బాకీ అంకె ఒక్కటే సమజైంది. అంత పైసలు ఎక్కడివి? దేవుని పటం ఎనక పెట్టిన. నీకు చెప్తే రందైతదని చెప్పలే."

ఆ కవరు నేను చూశాను. వెంకటేశ్వరస్వామి పటం వెనక, గోడకు ఆనించి, పసుపు బొట్టు అంటిన మూలతో ఉంది. లోపలి కాగితాలు ఒక్క మడత కూడా చెదరలేదు.

ఆ ఐదు పేజీల్లో నాలుగో పేజీలో ఒక పేరా ఉంది. అదే చట్టంలోని 13(3ఏ) ప్రకారం, ఈ నోటీసు మీద మీకు అభ్యంతరం ఉంటే, చెప్పుకోవాల్సింది ఉంటే రాతపూర్వకంగా రాయవచ్చని. అలా రాస్తే కంపెనీ 15 రోజుల్లో జవాబివ్వాలి. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోవడం లేదో కారణం రాయాలి. ఇది ఊరికే వచ్చిన వెసులుబాటు కాదు. 2004లో మార్డియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు చెబితే, ఆ తర్వాత చట్టంలో చేర్చారు. వరదలో షాపు మునిగింది, మిత్తి రేటు పెరిగింది నాకు చెప్పలేదు, గడువు పెంచండి, కిస్తీ తగ్గించండి, లేదా అమ్ముకోవడానికి ఆరు నెలలు ఇవ్వండి: వీటిలో ఏదైనా రాసుకునే అవకాశం ఆ అరవై రోజుల్లో ఉండింది. అది దేవుని పటం వెనకే ఉండిపోయింది.

తర్వాతి సంగతి మీరంతా మనసుపెట్టి చదవాలి. స్వాధీనం నోటీసును గేటుకు అంటించారు, పేపర్లలో వేశారు. రెండు పేపర్లలో వేయాలి, అందులో ఒకటి స్థానిక భాషది కావాలి అని నియమం. అంటే అప్పు తీసుకున్న మనిషికి ఇంగ్లీషులో చెప్పి, ఊరందరికీ తెలుగులో చెప్పారు. ఎదురింటాయన చదివి మా చెల్లెకు చెబితే ఆమెకు సమజైంది, ఇల్లు పోబోతున్నదని. ఆ పేపర్ ఆ రోజు నా చేతిలో కూడా ఉండే ఉంటుంది. నేను ఆ పేజీ చూడలేదు. బ్యాంకులో పనిచేసిన అన్న ఊళ్లోనే ఉండి కూడా దానికి అక్కరకు రాలేదన్న బాధ నాకు పోయేది కాదు.

స్వాధీనం నోటీసు మీద 45 రోజుల్లో రుణ వసూలు ట్రిబ్యునల్‌కు, అదే డీఆర్‌టీకి వెళ్లవచ్చు. అది హైదరాబాద్‌లో ఉంది. మామూలు సివిల్ కోర్టుకు వెళ్లడానికి ఈ చట్టం ఒప్పుకోదు. మావాళ్లు మొదట వెళ్లింది ఇక్కడి కోర్టుకే. ఇక్కడ కాదని తెలిసేసరికి నలభై ఐదు రోజులూ దాటిపోయాయి.

చివరికి ఇల్లు అమ్మేద్దామని నిర్ణయించుకున్నారు. రైల్వేలో పనిచేసే ఒకాయన 46 లక్షలకు ఒప్పుకున్నాడు. బాకీ, ఖర్చులు కలిపి అప్పటికి 28 లక్షలు. కట్టేస్తే 18 లక్షలు చేతికొచ్చేవి, ఇంకోచోట చిన్న జాగా కొనుక్కునేవాళ్లు. కంపెనీ ఆఫీసుకు తోడు రమ్మని అప్పుడు నాకు ఫోన్ చేశారు. నాకు సంగతి తెలిసింది ఆ రోజే. వెళ్లి కూర్చున్నాం. అక్కడి అధికారి కంప్యూటర్‌లో చూసి, "వేలం ప్రకటన మొన్ననే పడింది సార్, ఇప్పుడు ఏం చేయలేం" అన్నాడు.

ఆయన చెప్పింది చట్టమే. 2016లో సవరణ కాకముందు, ఆస్తి అమ్ముడయ్యే క్షణం దాకా బాకీ కట్టి విడిపించుకునే వీలుండేది. సవరణ తర్వాత ఆ హక్కు వేలం ప్రకటన వెలువడే నాటికే ముగుస్తుంది. 2023లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. రెండు రోజులు ముందు వెళ్లి ఉంటే? నెల కింద ఏ ఉద్యోగైనా ఫోన్ చేసి, "అమ్మా, ఫలానా తారీఖున ప్రకటన వేస్తున్నాం, అమ్ముకునేది ఉంటే ఆలోపే అమ్ముకోండి" అని ఒక్కమాట చెప్పి ఉంటే? వేలంలో ఇల్లు 37 లక్షలకు పోయింది. బాకీ, వేలం ఖర్చులు పోను ఎనిమిది లక్షలు మిగిలాయి. మిగిలిన సొమ్ము అప్పు తీసుకున్నవాళ్లకు తిరిగివ్వాలని కూడా చట్టంలో ఉంది. అది కూడా నేను ఉత్తరం రాసి అడిగాక వచ్చింది.

మొన్నటి సద్దుల బతుకమ్మకు మా చెల్లె కిరాయి ఇంటి ముందు, ఇంటి ఓనరును అడిగి, బతుకమ్మ పెట్టింది. సోమిడిలో ఇల్లు కట్టుకునేటప్పుడు బతుకమ్మ కోసమని ముందర గజం జాగా ఎక్కువే వదిలిపించుకుంది.

ఇదంతా చదివి, కష్టం వస్తే ఎవరికైనా ఇంతే అనుకోకండి. ఇలా కాకుండా జరిగింది కూడా నేను చూశాను.

మా కాలనీలో ఒకావిడ ప్రైవేటు స్కూల్లో టీచరు. వయసు ముప్పై ఎనిమిది. భర్తకు పక్షవాతం వచ్చి ఒక్క జీతమే మిగిలింది. లోను ఇంకా 18 లక్షలు ఉంది, పదేళ్ల గడువు, 9 శాతం మిత్తి. నెలకు 22,800 కిస్తీ. రెండు కిస్తీలు తప్పాక, మూడోది తప్పకముందే, ఆమె నన్ను తోడు తీసుకుని బ్రాంచికి వెళ్లింది. భర్త ఆస్పత్రి కాగితాలు, తన జీతం స్లిప్పులు, ఇంటి ఖర్చు లెక్క రాసుకున్న నోట్‌బుక్ ముందు పెట్టింది. ఆ మేనేజర్ పాత నోట్‌బుక్ పేజీలన్నీ తిప్పి చూశాడు. పాల ఖర్చు, మందుల ఖర్చు, పిల్ల బస్సు పాసు. ఇరవై రోజుల్లో హెడ్డాఫీసు నుంచి ఒప్పించి గడువును పద్దెనిమిదేళ్లకు పెంచాడు. కిస్తీ 16,850కి దిగింది. దీనివల్ల మొత్తం మీద ఆమె తొమ్మిది లక్షలు ఎక్కువ మిత్తి కడుతుందని, ఈ మార్పు అప్పుల చరిత్ర చూపే సిబిల్ రికార్డులో కూడా కనబడవచ్చని ఆయన దాచకుండా చెప్పాడు. తర్వాత చేతిలో డబ్బులు ఉన్నప్పుడల్లా అసలుకు కొంత కట్టుకోమని, మారే మిత్తి మీద ఉన్న ఇంటి లోనుకు ముందస్తు చెల్లింపు మీద జరిమానా ఉండదని కూడా చెప్పాడు. ఆమె ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంటోంది.

ఆ మేనేజర్ చేసినదాంట్లో చట్టం దాటింది ఏమీ లేదు. ఆయన టైముకు చెప్పాడు, తెలుగులో చెప్పాడు, మనిషి మొహం చూసి చెప్పాడు. మా చెల్లెకు జరగనిది ఇదొక్కటే. మీ అందరినీ నేను కోరేదీ ఇదే.

మొదటి కిస్తీ తప్పిన వారంలోనే ఒక పేజీ కాగితం, పెద్ద అక్షరాల్లో, తెలుగులో, ఆ ఇంటికి చేరాలి. ఉర్దూ చదివేవాళ్లకు ఉర్దూలో చేరాలి. ఇదేమీ కొత్త కోరిక కాదు. ఫైనాన్స్ కంపెనీలు అప్పు తీసుకున్నవాళ్లకు రాసే ఉత్తరాలన్నీ స్థానిక భాషలో గానీ, వాళ్లకు అర్థమయ్యే భాషలో గానీ ఉండాలని రిజర్వు బ్యాంకు న్యాయ ప్రవర్తనా నియమావళిలోనే ఉంది. 2024 అక్టోబరు నుంచి కొత్త లోన్లకు ఇచ్చే ముఖ్యాంశాల పత్రం కూడా అర్థమయ్యే భాషలోనే ఇవ్వాలి. అప్పు ఇచ్చేటప్పుడు తెలుగు కావాలి, ఇల్లు పోయేటప్పుడు అక్కర్లేదా?

ఆ పేజీలో ఏం ఉండాలో కూడా చెబుతాను, ఎందుకంటే "ఏం రాయాలి" దగ్గరే ఇలాంటివి ఆగిపోతాయని ఆఫీసులో పనిచేసిన నాకు తెలుసు. మిత్తి రేటు ఎక్కువ ఉంటే తగ్గించమని అడగవచ్చని మొదట రాయండి. 2025లో ఫిబ్రవరి నుంచి జూన్ లోపలే రెపో రేటు 6.5 నుంచి 5.5కి దిగింది. పాత పద్ధతి మిత్తి మీద ఉండిపోయినవాళ్లకు ఆ తగ్గింపు దానంతట అది రాదు. కొద్దిపాటి ఫీజు కట్టి కొత్త రేటుకు మారితేనే వస్తుంది. మారవచ్చని తెలియక ఎక్కువ రేటు కడుతున్నవాళ్లు మా కాలనీలోనే ఉన్నారు. రేటు పెరిగినప్పుడు కిస్తీ పెంచాలా, గడువు పెంచాలా, రెండూనా అన్నది మీరు తేల్చేది కాదని, అప్పు తీసుకున్నవాళ్లను అడిగి చేయాలని 2023 ఆగస్టు 18న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం కూడా అందులో ఉండాలి. కిస్తీ మిత్తికి కూడా చాలని స్థితి రాకుండా చూడాల్సింది బ్యాంకేనని ఆ ఆదేశంలోనే ఉంది.

వేరే బ్యాంకు తక్కువ మిత్తికి తీసుకుంటానంటే లోను అటు మార్చుకోవచ్చని రాయండి. కానీ అది రికార్డు శుభ్రంగా ఉన్నప్పుడే అవుతుందని కూడా రాయండి. నాలుగు కిస్తీలు తప్పాక ఏ బ్యాంకూ గడప దాటనివ్వదు. పీఎఫ్ ఉన్నవాళ్లు ఇంటి లోను తీర్చడానికి అందులోంచి తీసుకునే వీలుందని, నూటికి మూడు రూపాయల మిత్తికి బయట తెచ్చి కిస్తీ కట్టడం కంటే అది ఎంతో నయమని రాయండి. ఇంటి పెద్ద చనిపోతే లోనుతోపాటు తీసుకున్న బీమా ఉందేమో మీ ఫైలులో మీరే వెతికి చెప్పండి. పాలసీ ఉన్న సంగతి తెలియని విధవరాలు కిస్తీ కోసం ఇల్లిల్లూ తిరగడం నేను ఉద్యోగంలో ఉన్నప్పుడే చూశాను.

తొంభై రోజులు అన్న గీతను మాత్రం ఎర్ర అక్షరాల్లో రాయండి. ఆ గీత దాటితే ఒకటి రెండు కిస్తీలతో వెనక్కి రాలేరని, అందుకే దాటకముందే రమ్మని. దాటినవాళ్లకు నోటీసు మీద జవాబు రాసే హక్కు ఉందని, అరవై రోజుల్లో రాయాలని, బ్రాంచిలో ఇచ్చి ముద్ర వేయించుకోమని. సొంతంగా అమ్ముకోవడం వేలం కంటే మేలని, అది వేలం ప్రకటన పడేలోపే చేయాలని. బాకీ కొంత తగ్గించి ఒకేసారి కట్టించుకునే ఓటీఎస్ అడగవచ్చని, కానీ అది హక్కు కాదని సుప్రీంకోర్టు 2021లో చెప్పిందని, సిబిల్‌లో మచ్చ పడుతుందని కూడా దాచకుండా రాయండి. ఆశపెట్టి మోసం చేసే కాగితం కాకూడదు అది.

లోక్ అదాలత్ సంగతి కూడా ఉండాలి. కేసు పడకముందే అక్కడ రాజీకి కూర్చోవచ్చు. అక్కడ తేలిన దానిమీద అప్పీలు ఉండదు, అది డిక్రీతో సమానం. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, ఆదాయం తక్కువున్నవాళ్లకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. ఇల్లు మా చెల్లె పేరు మీదే ఉండింది. ఆమె ఆడమనిషి అన్న ఒక్క కారణంతోనే ఆమెకు ఉచిత లాయర్ దొరికేవాడు. మేము హైదరాబాద్ లాయర్‌కు ఇరవై వేలు ఇచ్చి వచ్చాం, అది కూడా ఆలస్యంగా.

ఇక కలెక్టర్ గార్లకు వేరుగా ఒక మాట.

అయ్యా, అమ్మా, ఇల్లు ఖాళీ చేయించడానికి బ్యాంకులు సర్ఫేసీ చట్టం 14వ సెక్షన్ కింద వచ్చేది జిల్లా మేజిస్ట్రేట్‌గా మీ దగ్గరికే. ఎవరిది న్యాయమో తేల్చే అధికారం అందులో మీకు లేదని, ముప్పై రోజుల్లో ఆర్డర్ ఇవ్వాలని నాకు తెలుసు. అయినా బ్యాంకు అధికారి ఇచ్చే అఫిడవిట్‌లో తొమ్మిది అంశాలు ఉండాలని చట్టం చెబుతోంది. అప్పు తీసుకున్నవాళ్లు అభ్యంతరం రాస్తే దాన్ని పరిశీలించామని, ఒప్పుకోకపోతే కారణం తెలియజేశామని ప్రమాణం చేసి రాయడం అందులో ఒకటి. ఆ అఫిడవిట్‌తో తృప్తి చెందాకే మీరు ఆర్డర్ ఇవ్వాలి. "మీ అభ్యర్థన పరిశీలించాం, ఆమోదించలేం" అన్న ఒక్క వాక్యం జవాబుల్ని నేను మూడు నాలుగు ఫైళ్లలో చూశాను. అందులో కారణం ఎక్కడుంది? ఆ ఒక్క అంశం దగ్గర మీ సెక్షన్ క్లర్కు కాగితం తెరిచి చూస్తే చాలు, బ్యాంకులు జవాబులు రాసే తీరే మారుతుంది. ఖాళీ చేయించే తారీఖును ఆ కుటుంబానికి ముందుగా చెప్పించండి. పదో తరగతి పరీక్షలు నడిచే నెలలో పోలీసులను పెట్టి సామాను రోడ్డు మీద పెట్టించకండి.

ఇంకో సంగతి. ఇప్పుడు ఇంటి లోన్లు ఇచ్చేది బ్యాంకులొక్కటే కాదు. హన్మకొండ చౌరస్తా నుంచి హంటర్ రోడ్డు దాకా బోర్డులు చూస్తూ రండి, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలు ఎన్ని ఉన్నాయో. వాళ్లను కూడా మీ మీటింగుకు పిలవండి. బ్యాంకు ఒప్పుకోని కాగితాలతో, కొంచెం ఎక్కువ మిత్తికి అప్పు తీసుకున్న చిన్న వ్యాపారులు, ఆటోవాళ్లు, టైలర్లు ఎక్కువగా వాళ్ల దగ్గరే ఉన్నారు. ఆ కంపెనీల నిర్ణయాలన్నీ హైదరాబాద్‌లోనో ముంబైలోనో జరుగుతాయి. ఇక్కడ ఆఫీసులో ఉన్న పిల్లలకు "పైకి పంపిస్తాం సార్" అనడం తప్ప ఏ అధికారమూ లేదు. నెలకు ఒక రోజు, గడువు పెంచే అధికారం ఉన్న ఒక మనిషి ఇక్కడికొచ్చి కూర్చోవాలని మీరు అడిగితే వాళ్లు కాదనలేరు. ప్రకృతి వైపరీత్యం వచ్చినప్పుడు బ్యాంకులు ఏ ఊరట ఇవ్వాలో మాట్లాడుకోవాల్సిన వేదిక కూడా మీ కమిటీలే కదా. 2023లో మునిగాం, 2025 అక్టోబరులో మొంథా తుపానుకు మళ్లీ మునిగాం. మునిగిన షాపుల వెనక ఇంటి కిస్తీలు ఉంటాయని ఆ రోజు ఎవరైనా ఒకరు ఆ బల్ల దగ్గర అనాలి.

బ్యాంకర్ మిత్రులు ఏమంటారో నాకు తెలుసు, నేను మీలో ఒకణ్ణే. ఈ దారులన్నీ ముందే చెబితే కట్టగలిగినవాళ్లు కూడా కట్టడం మానేస్తారంటారు. కావాలని ఎగ్గొట్టేవాళ్లు లేరని నేను అనను. వాళ్లకు ఈ దారులన్నీ ఇప్పటికే తెలుసు, వాళ్ల దగ్గర లాయర్లు ఉన్నారు. తెలియనిది గాజులు అమ్మి కిస్తీ కట్టేవాళ్లకే. ఏ ఇంట్లోనైనా చీటీ ఆపుతారు, బండి లోను ఆపుతారు, పిల్లల ఫీజు కూడా ఆపుతారు, ఇంటి కిస్తీ చివరిదాకా ఆపరు. అది ఆగిందంటే ఆ ఇంట్లో అంతకుముందే ఎన్నో ఆగాయని అర్థం. మీ లెక్క ప్రకారం చూసినా, 46 లక్షలు పలికే ఇల్లు వేలంలో 37కు పోవడం ఎవరికి లాభం? కొన్ని కేసుల్లో ఇలాంటి తేడా వల్ల మీ బాకీ కూడా పూర్తిగా రాదు.

వసూలు ఏజెంట్ల గురించి పొడుగ్గా రాయను. ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత ఫోన్ చేయకూడదని 2022లోనే ఆదేశం ఉంది. మా కాలనీలో రాత్రి తొమ్మిదింటికి, ఆడపిల్లల ముందు తిట్ల ఫోన్లు ఇప్పటికీ వస్తున్నాయి. ఆపించండి. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ముప్పై రోజుల్లో తేలకపోతే ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చని, 14448కు ఫోన్ చేసి అడగవచ్చని ప్రతి బ్రాంచి గోడ మీద తెలుగులో, కంటికి ఆనేచోట పెట్టించండి.

ఈ ఉత్తరం కిస్తీలు తప్పుతున్న ఇళ్లలో కూడా ఎవరైనా చదవవచ్చు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఇంట్లో ఏ పటం వెనకైనా, బియ్యం డబ్బా కిందైనా తెరవని కవరు ఉంటే ఇవాళే తెరవండి. మీద తారీఖు చూడండి. ఇంగ్లీషు చదవడం వచ్చిన ఎవరికైనా చూపించండి. సిగ్గుపడకండి. మా చెల్లె సిగ్గుపడి దాచిపెట్టిన ఆ రోజుల్లోనే ఇల్లు పోయింది, అప్పు వల్ల పోలేదు.

కమిటీ వచ్చే మీటింగు ఎజెండాలో దీన్ని ఒక అంశంగా పెట్టండి. ఒక పేజీ తెలుగు కాగితం ఎట్లా ఉండాలో నేను రాసి ఉంచాను, రెండు జిల్లాల లీడ్ బ్యాంకు ఆఫీసుల్లోనూ ఇస్తాను. తప్పులుంటే మీ లా ఆఫీసర్లు దిద్దనీయండి. పిలిస్తే వచ్చి, నోటీసు తెచ్చుకున్నవాళ్లకు చదివి చెప్పే పని వారానికి రెండు రోజులు జీతం లేకుండా చేస్తాను. నాలాంటి రిటైరైన బ్యాంకు ఉద్యోగులు హనుమకొండలో, కాజీపేటలో, వరంగల్‌లో చాలామంది ఉన్నారు, వాళ్లను కూడా నేనే అడుగుతాను. మాకు కావలసింది ఒక టేబుల్, నాలుగు కుర్చీలు, మీ బ్రాంచిల్లో ఫోన్ ఎత్తే ఒక మనిషి పేరు.

మీ,
లీడ్ బ్యాంకు ఆఫీసులో పనిచేసి రిటైరైన ఒక ఉద్యోగి,
హనుమకొండ.